భీముడి భోజనానికి మీ రిటైర్మెంటు సొమ్మా?

ప్రశ్న: మేము మినియాపొలిస్‌లో ఉంటాం. మా సైబీరియన్ హస్కీ భీముడికి మూడేళ్లు, బరువు 50 పౌండ్లు. ఇప్పుడు పెడుతున్న పొడి ఆహారానికి నెలకు 60 డాలర్లు అవుతోంది. మంచు దేశపు జాతి కాబట్టి పచ్చి మాంసమే దానికి తగిన తిండి అని మావారి పట్టుదల. ఫ్రోజెన్ ప్యాకెట్లు పౌండు 7 డాలర్లు. ఆ ఖర్చు కోసం నా 401(కె), అంటే ఉద్యోగంలో రిటైర్మెంటుకు దాచుకునే ఖాతాలో జమ తగ్గించుకోవచ్చా? జీతంలో 6 శాతం వేస్తున్నాను. అంతవరకూ కంపెనీ ప్రతి డాలరుకూ అర డాలరు కలుపుతుంది. నాకు ఇప్పుడు ఐదో నెల. కాన్పుకు అమ్మ గుంటూరు నుంచి వస్తోంది. మా నెలవారీ ఖర్చుల జాబితా జత చేశాను.

జవాబు: తగ్గించుకోవద్దమ్మా. ముందు లెక్క చూడండి.

పచ్చి మాంసం పెట్టేవారు రోజుకు కుక్క బరువులో రెండు నుంచి మూడు శాతం పెడతారు. రెండున్నర వేసుకుంటే భీముడికి రోజుకు పౌండుంపావు. నెలకు 37 పౌండ్ల పైచిలుకు, 262 డాలర్లు. ఇప్పటి ఖర్చు తీసేస్తే అదనంగా నెలకు 200. హస్కీలు 12 నుంచి 14 ఏళ్లు బతుకుతాయి. ఇంకో పదేళ్లు అనుకున్నా, ధరలు పెరగకపోయినా 24,000 డాలర్లు. ఇది నెల ఖర్చు కాదు, పదేళ్ల వాయిదా.

ఇక ఆ 200 ఎక్కడి నుంచి తెస్తున్నారో చూడండి. మామూలు (ట్రెడిషనల్) 401(కె)లో పడేది ఆదాయపు పన్ను కోతకు ముందు సొమ్ము. మీరు 22 శాతం పన్ను శ్లాబులో ఉంటే, చేతికి 200 రావడానికి జమను 256 తగ్గించాలి. దానితోపాటు కంపెనీ ఇచ్చే 128 పోతుంది. మిన్నెసోటా పన్ను కలపకుండానే, 200 డాలర్ల మాంసం కోసం 384 డాలర్ల పొదుపు వదులుకుంటున్నారు. ఇంత ఖరీదైన మాంసం ఏ దుకాణంలోనూ దొరకదు.

మీవారి వాదనలో కొంత నిజముంది. సైబీరియాలో చుక్చీ తెగవారు ఈ కుక్కలను చేపలు, సీల్ మాంసం పెట్టి పెంచారు. అలాస్కాలో ఇడిటరాడ్ పందెం పరుగెత్తే స్లెడ్ కుక్క రోజుకు పదివేల కేలరీల దాకా ఖర్చు చేస్తుంది. మీ భీముడు పేరుకే భీముడు. సోఫా మీద పడుకుని కిటికీలోంచి ఉడతలను చూసే కుక్కకు పదకొండు వందల కేలరీలు చాలు. హస్కీలు అసలే ఒంటికి తగ్గ తిండి కూడా తినవు.

పౌండు మూడు డాలర్లకు మాంసం కొని ఇంట్లోనే కలుపుకుంటే చవక కదా అంటారేమో. నాకు అన్నిటికన్నా భయం దాని గురించే. కోడి మెడలు, ఎముకలు లెక్క లేకుండా వేస్తే కాల్షియం ఎక్కువై జింకు ఒంటికి పట్టదు. హస్కీలలో కొన్నింటికి పుట్టుకతోనే జింకును గ్రహించే శక్తి తక్కువ. కళ్ల చుట్టూ, మూతి చుట్టూ పెచ్చులు కట్టి వెంట్రుకలు రాలిపోతాయి. ఎముక ముక్క పేగులో ఇరుక్కుంటే ఆపరేషన్‌కు వేల డాలర్లు. పశువైద్య పోషకాహార నిపుణుల చేత కొలతలు రాయించుకోనిదే ఆ జోలికి వెళ్లవద్దు. మీ హెచ్ఎస్ఏ (మనుషుల వైద్య ఖర్చులకు దాచుకునే ఖాతా) సొమ్ము ఇందులో దేనికీ పనికిరాదు.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, ఇప్పుడు మొదలుపెట్టకపోవడానికి అసలు కారణం మీ ఐదో నెల. పచ్చి మాంసంలో గర్భిణులకు ప్రమాదకరమైన లిస్టీరియా, సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండవచ్చు. ఫ్రీజరు వాటిని చంపదు. తిన్న కుక్కకు ఏమీ కాకపోయినా, దాని మలంలో సాల్మొనెల్లా బయటికి వస్తుంది, ఆ మూతితోనే వచ్చి మీ చేతులు నాకుతుంది. బర్డ్ ఫ్లూ ప్రమాదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని పచ్చి కోడి, పశు మాంసంతో పెంపుడు జంతువుల ఆహారం తయారుచేసే సంస్థలకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జనవరిలో చెప్పింది. పైగా మీ అమ్మగారు పత్యం వండే వంటింట్లో, చారు గిన్నె పక్కన టర్కీ మెడలు కరుగుతూ కనబడితే జరిగే రభసకు నేను ఏ బీమా పాలసీ చూపించలేను.

ఇప్పటికి పొడి ఆహారమే కొనసాగించండి. వారానికి రెండుసార్లు ఉడికించిన గుడ్డో, ఉప్పు లేకుండా నీళ్లలో నిల్వచేసిన సార్డిన్ చేపలో కలపండి. నెలకు పది, పదిహేను డాలర్లు మించదు. మీ జాబితాలో భీముడికి బీమా కనబడలేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసుకోండి, అప్పటికే ఉన్న జబ్బులకు పాలసీలు డబ్బు ఇవ్వవు. దాని వైద్యం కోసం నెలకు వంద డాలర్లు విడి ఖాతాలో వేస్తూ మూడు వేలు అయ్యేవరకు ముట్టుకోకండి.

బిడ్డకు ఏడాది నిండి, డేకేర్ ఖర్చు ఎంతో తేలాక కూడా మీవారు అదే పట్టు మీద ఉంటే, మీరు పంపిన జాబితాలో తొమ్మిదో వరుస ఆయనకు చూపించండి. బయటి భోజనాలు, నెలకు 310 డాలర్లు.