కడిగిన నీటిలో రాతినార కనిపిస్తే క్యాన్సరేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. చెన్నైలో బాయిలర్లకు, ఆవిరి గొట్టాలకు ఆస్బెస్టాస్ తొడుగు చుట్టే పని 18 ఏళ్లు చేసి చిత్తూరుకు వచ్చేశారు. ఆయాసం తగ్గకపోవడంతో ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసి, కడిగిన నీటిని పరీక్షించారు. అందులో ‘ఆస్బెస్టాస్ బాడీస్’ ఉన్నాయని రాశారు. ఇది క్యాన్సరా? సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసిన మా చిన్నాన్నకు అదే పరీక్షలో ఏమీ కనిపించలేదు. ఆయనకు భయం లేనట్టేనా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, ఆ మాట క్యాన్సర్ పేరు కాదు. మీ నాన్నగారు పనిలో పీల్చిన రాతినార (ఆస్బెస్టాస్) పోగుల చుట్టూ శరీరం ఇనుముతో, ప్రొటీన్లతో పూత కడితే, ఆ పూత పట్టిన పోగులను అలా పిలుస్తారు. ఊపిరితిత్తుల గాలిగదుల్లోకి చేరిన దుమ్మును మాక్రోఫేజ్‌లనే కణాలు మింగి శుభ్రం చేస్తుంటాయి. ఒక్కో కణం అడ్డకొలత ఇంచుమించు 10 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాబట్టి, అంతకన్నా పొట్టి పోగును అది పూర్తిగా మింగగలదు. 20 మైక్రాన్లు దాటిన పోగును మింగలేక, అలాంటి కణాలు దాన్ని చుట్టుముట్టి, దాని మీద ఇనుమును పొరలు పొరలుగా పేరుస్తాయి. సూక్ష్మదర్శినిలో అది బంగారు గోధుమ రంగులో, దారానికి పూసలు గుచ్చినట్టు, రెండు కొసలూ ఉబ్బి కనిపిస్తుంది. ఇనుమును పట్టే రంగు వేస్తే ఆ పూసలన్నీ నీలంగా మారతాయి.

పొడవుతో పాటు పోగు రకం కూడా ముఖ్యమే. క్రోసిడోలైట్, ఆమోసైట్ వంటి ఆంఫిబోల్ రకాలు సూదుల్లా నిటారుగా ఉండి, దశాబ్దాలు గడిచినా కరగవు. పూత పట్టిన పోగుల్లో అత్యధికం ఇవే. సిమెంటు రేకుల్లో వాడేది తెల్లటి క్రిసోటైల్. ఒకప్పుడు మన పులివెందుల ప్రాంతంలో తవ్వినది కూడా ఇదే. మెలితిరిగిన ఈ పోగు ఊపిరితిత్తుల్లో మెగ్నీషియం కోల్పోయి, సన్నటి పొట్టి ముక్కలుగా చీలి, చాలావరకు నెలల్లోనే తొలగిపోతుంది కాబట్టి దానికి పూత పట్టడం అరుదు.

అందువల్ల మీ చిన్నాన్నగారి రిపోర్టులో ఏమీ కనిపించకపోవడాన్ని ఆయన రాతినార పీల్చలేదనడానికి రుజువుగా తీసుకోవద్దు. పైగా ఎవరిలోనైనా పూత పట్టినవాటి కన్నా పట్టని పోగులే ఎక్కువ, అవి మామూలు సూక్ష్మదర్శినికి అందవు. క్రిసోటైల్‌తో సహా అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలే.

ఆయాసంతో వచ్చేవారిని మనం బీడీ గురించి అడుగుతాం, చేసిన పని గురించి అడగం. ఇది నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. రాతినార జబ్బులు చాలావరకు 20 నుంచి 40 ఏళ్ల తర్వాత బయటపడతాయి. కాబట్టి ఇద్దరినీ తిరుపతి రుయా ఆసుపత్రిలోని ఊపిరితిత్తుల విభాగానికి తీసుకెళ్లి, హై రిజల్యూషన్ సీటీ స్కాన్, శ్వాస సామర్థ్య పరీక్షలు చేయించండి. పొగ తాగే అలవాటుంటే ఈరోజే మాన్పించండి; రాతినారతో పొగ కలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆస్బెస్టోసిస్ (రాతినార వల్ల ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) అని తేలితే, అది నష్టపరిహారం కోసం చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి కాబట్టి, ఎక్కడ ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు పనిచేశారో రాసుకుని, పాత జీతం చీటీలతో సహా వెంట తీసుకెళ్లండి.