నీ గ్లాసులో నీళ్లెంత?

విజయనగరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

విస్కీలో నీళ్లు ఎంత పోసుకోవాలని అడిగావు. ఒకటికి రెండనో, సగానికి సగమనో చెప్పేస్తే నీ పని తీరదు. ఆ కొలత నీ ముక్కుకి, నీ నాలుకకి, నీ చేతిలో ఉన్న సీసాకి కలిసి కుదరాలి. అది కుదుర్చుకునే పద్ధతి రాస్తున్నాను. నీకు 21 నిండాయి కాబట్టే రాస్తున్నాను. మన రాష్ట్రంలో ఆ వయసు లోపు వాళ్లకి మందు అమ్మకూడదు.

ముందు సీసా మీద ఆల్కహాల్ శాతం చూడు. మన దేశపు మామూలు విస్కీ మీద 42.8 అని ఉంటుంది. స్కాట్లండ్‌లో చేసే స్కాచ్‌ 40 కంటే తగ్గకూడదని అక్కడి చట్టం. అమృత్, పాల్ జాన్, ఇంద్రి లాంటి మన సింగిల్ మాల్టుల్లో, అంటే మొలకెత్తించిన బార్లీతో ఒకే బట్టీలో తీసిన విస్కీల్లో, 46, 50 ఉన్నవీ దొరుకుతాయి. విస్కీని మాగబెట్టే చెక్క పీపాలోంచి తీసి నీళ్లు కలపకుండా నింపినవైతే 60 దాకా వెళ్తాయి. అంటే 42.8 సీసాలో నువ్వు మూత తియ్యకముందే కంపెనీ నీళ్లు కలిపింది. నీళ్లు తగిలితే విస్కీ పాడవుతుందనే వాళ్ల మాట పట్టించుకోకు. విస్కీలు మేళవించే నిపుణులు వాసన పరీక్షకి దాన్ని ఆల్కహాల్ 20 శాతానికి దిగేదాకా పలచన చేస్తారు.

నీళ్లు ఏం చేస్తాయంటే, మొదట ఆల్కహాల్ పోటు తగ్గిస్తాయి. ముక్కు మండుతుంటే దానికి వేరే వాసన తెలియదు. రెండోది లోపల జరిగే పని. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయంలో బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రైడ్‌మాన్ 2017లో దీన్ని కంప్యూటర్ మీద లెక్కగట్టారు. పొగ వాసనిచ్చే గ్వయకాల్ అనే పదార్థం, ఆల్కహాల్ 45 శాతం లోపు ఉంటే, ద్రవం పైపొరకి చేరుతుంది. 59 దాటితే ఆల్కహాల్ దాన్ని చుట్టుముట్టి లోపలే ఉంచుతుంది. వాళ్లు చూసింది ఆ ఒక్క పదార్థాన్నే. అయినా బలమైన సీసాకి నీళ్ల అవసరం ఎందుకు ఎక్కువో దీంతో తెలుస్తుంది.

ఇక సామాను. మూతి కాస్త ముడుచుకున్న చిన్న గాజు గ్లాసులు రెండు. స్టీలు గ్లాసు వద్దు, షాపు దగ్గరిచ్చే ప్లాస్టిక్ గ్లాసు అసలే వద్దు. మందుల షాపులో 5 మి.లీ. సిరంజి కొని సూది తీసెయ్. దగ్గు మందు మూతతో కొలుస్తానంటావేమో, దాని వాసన ఎంత కడిగినా పోదు. నీళ్ల దగ్గర మాత్రం రాజీ పడకు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ముందు అదే ముక్కుకి తగులుతుంది. సముద్రం పక్క ఊళ్ల బోరు నీళ్లలో ఉప్పు తేలుతుంది. కొత్త కుండ నీళ్లకి మట్టి వాసన ఉంటుంది, తాగడానికి ఎంత బావున్నా ఈ పనికి రావు. ఏ రుచీ లేని క్యాన్ నీళ్లు చాలు.

మన ఎండల్లో సీసా కూడా వేడెక్కిపోతుంది. గది 35 డిగ్రీలుంటే ఆల్కహాల్ ఆవిరే ముందు లేస్తుంది. సీసాని ఒక పావుగంట ఫ్రిజ్‌లో పెట్టు. చేతికి కాస్త చల్లగా తగిలితే చాలు, గడ్డకట్టేంత చలి వద్దు.

ఇప్పుడు రెండు గ్లాసుల్లో చెరో 15 మి.లీ. పొయ్యి. ఒకదాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టు, పోల్చడానికి అదే ఆధారం. రెండోదాన్ని గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడు. ముక్కు గ్లాసులో పెట్టేయకు. తర్వాత సిరంజితో 1 మి.లీ. నీళ్లు వదిలి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ వాసన చూసి, నాలుక తడిసేంతే చప్పరించు. 42.8 సీసాకి మొత్తం నీళ్లు 1 మి.లీ. అయితే 40 శాతం. మూడుంపావు దగ్గర 35, ఆరున్నర దగ్గర 30, పదిన్నర దాటాక 25. సగానికి సగం పోస్తే 21 దగ్గరికి వస్తుంది. 60 శాతం సీసాకైతే 5 మి.లీ. పోసినా ఇంకా 45 ఉంటుంది.

ఇక్కడే చాలామంది తప్పుతారు. మధ్యలో పెద్ద గుక్కలు తాగేస్తారు, గ్లాసులో మందు తగ్గుతుంది, అదే 3 మి.లీ. నీళ్లు ఇప్పుడు రెట్టింపు పలచన చేస్తాయి. లెక్క మొత్తం చెడిపోతుంది. అందుకే ఎక్కువ పని ముక్కుకే ఇయ్యి. నీకు నచ్చిన మెట్టు దొరికిందనిపిస్తే, మర్నాడు అదే కొలతతో కొత్తగా ఒకేసారి కలిపి చూడు. అప్పుడూ బావుంటే అది నీ కొలత. చారులో నీళ్లలాంటిదే ఇదీ: ఇంకొంచెం పోసుకోవచ్చు, పోసింది తియ్యలేం.

దాటిపోయావని ఎలా తెలుస్తుందంటే, వాసన బావుంటుంది గానీ నోట్లో ఏమీ నిలవదు. తీపి పోయి చెక్క చేదు ఒక్కటే మిగులుతుంది. నీళ్లు పడగానే మసకబారితే మాత్రం భయపడకు. చల్లబరిచి వడకట్టని విస్కీల్లో కొవ్వు ఎస్టర్లనే సహజ పదార్థాలు అలా బయటపడతాయి, అది కల్తీ కాదు.

తగిలిన వాసనలకి పేర్లు నీవే పెట్టుకో. విదేశీ పుస్తకాల్లో రాసే పూలు మనం చూసినవి కావు. అమెరికా ఓక్ పీపాలో ఉన్నదైతే ఎండుకొబ్బరి, వెనిల్లా తగులుతాయి. షెర్రీ అనే స్పెయిన్ ద్రాక్షసారా పీపాదైతే ఎండుద్రాక్ష, ఖర్జూరం. స్కాట్లండ్‌లోని అయిలా దీవి పొగ విస్కీలో టించర్ అయోడిన్, కట్టెల పొయ్యి. కొన్నిటిలో బాగా మగ్గిన అరటిపండు, పనసతొన, తాటిబెల్లం. "పనసతొన, 35 దగ్గర" అని కాగితం మీద రాసుకో. మర్నాటికి ఏదీ గుర్తుండదు.

పక్కన కారం వద్దు. వేయించని, ఉప్పెయ్యని పలాస జీడిపప్పు రెండు పలుకులు, మధ్యమధ్య మంచినీళ్లు. ఐసు వేస్తే వాసన ముడుచుకుంటుంది, పైగా అది కరుగుతూ నీ కొలతని నిమిషానికోలా మారుస్తుంది. బ్రాందీ షాపులో దొరికే చవక విస్కీల్లో చాలావాటికి ఆధారం మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిట్. వాటిలో నీళ్లకి విప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, వాటికి సోడా, ఐసు నిక్షేపంలా సరిపోతాయి. సీలు, హోలోగ్రామ్ లేని సీసా మాత్రం ముట్టొద్దు. అందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉంటే నీ ముక్కు, నాలుక పట్టలేవు, నీళ్లు విరుగుడు కావు.

ఇంకొకటి. నీళ్లు ఘాటుని తగ్గిస్తాయి గానీ లోపలికి వెళ్లే ఆల్కహాల్‌ని తగ్గించవు. 42.8 సీసాలో 30 మి.లీ. అంటే ఎలా కలుపుకున్నా దాదాపు 10 గ్రాములు. పైన చెప్పిన రెండు గ్లాసులూ కలిపి అంతే, ఆ పూటకి అక్కడితో ఆపెయ్. సుగర్ మాత్రలు, నిద్ర మాత్రలు వేసుకునే రోజు ఈ ప్రయోగం వద్దు. బండి తాళం అత్తకి ఇచ్చేసి కూర్చో.

మిగిలిన సీసాని నిలబెట్టే ఉంచు, పడుకోబెడితే ఆల్కహాల్ కార్క్‌ని తినేస్తుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా, నీ అంకెలు చూడాలని ఉంది.

మీ మావయ్య