టూరింగ్ బండి సొంతంగా అమ్ముకోవడం ఎలా? మీ ప్రశ్నలు, మా జవాబులు

డీలర్‌కి ఇవ్వకుండా నేరుగా కొనేవాళ్ళకే బండి అమ్ముకుందాం అనుకుంటున్నవాళ్ళ ఉత్తరాలు ఈసారి బాగా వచ్చాయి, అందులోనూ దూర ప్రయాణాలు చేసే పెద్ద బైకులు, అంటే టూరింగ్ బండ్ల గురించే ఎక్కువ. ఈ బండ్లకి కొనేవాళ్ళు తక్కువమంది, కానీ వచ్చేవాళ్ళు చాలావరకు బండి గురించి బాగా తెలిసే వస్తారు. కింద జవాబులన్నీ ఆ మనిషిని దృష్టిలో పెట్టుకునే రాశాను.

ప్రశ్న: నా టూరింగ్ బండికి 8 ఏళ్ళు, మీటర్ మీద 92 వేల కిలోమీటర్లు ఉంది. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ ముందు మీటరే అడుగుతున్నారు, చెప్పగానే పెట్టేస్తున్నారు. యాడ్‌లో కిలోమీటర్లు రాయకుండా వదిలేస్తే నయమా? ఇంకోటి, సైడ్ బాక్సులు, హీటెడ్ గ్రిప్స్, పెద్ద విండ్‌షీల్డ్, ఎక్స్‌ట్రా లైట్లు అన్నీ పెట్టించాను, ఆ ఖర్చు కూడా రేటులో కలపొచ్చా?

జవాబు: వదలొద్దండి, రాయండి, అదీ మొదటి లైన్లోనే రాయండి. మీటర్ చూసి భయపడేవాళ్ళు ఎలాగూ మీ బండి కొనరు, యాడ్‌లో కనపడకపోతే ఇంటిదాకా వచ్చి చూసి వెళ్ళిపోతారు, మీ టైమూ పోతుంది వాళ్ళ టైమూ పోతుంది. పైగా కిలోమీటర్లు రాయని యాడ్ చూస్తే తెలిసినవాడు ఇందులో ఏదో దాస్తున్నారనే అనుకుంటాడు, ఇక మీరు నిజం ఎంత చెప్పినా అనుమానంగానే వింటాడు.

నిజానికి టూరింగ్ బండికి కిలోమీటర్లు ఎన్ని అనేదాని కంటే ఎలా తిరిగాయి అనేదే ముఖ్యం. ఇంజిన్‌కి ఎక్కువ అరుగుదల చల్లగా స్టార్ట్ చేసినప్పుడు జరుగుతుంది, రెండు మూడు కిలోమీటర్లు వెళ్ళి ఆపేసే బండిలో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, తేమా పెట్రోల్ ఆవిరీ ఆయిల్లోనే మిగిలిపోతాయి, క్లచ్చూ గేర్లూ బ్రేకులూ ట్రాఫిక్‌లో నలిగిపోతాయి. అదే పొద్దున స్టార్ట్ చేసి సాయంత్రం దాకా టాప్ గేర్లో ఒకే స్పీడ్‌లో హైవే మీద పోయిన బండికి అదే కిలోమీటర్లు చాలా తేలిక. మీరు హైవే మీదే తిప్పి ఉంటే ఆ మాట యాడ్‌లో రాయండి, అయితే ఊరికే మాటగా రాస్తే సరిపోదు, సర్వీస్ కాగితాలు దాన్ని నిలబెట్టాలి.

కాగితాలంటే అన్నిటికన్నా ముందు వాల్వ్ క్లియరెన్స్ (ఇంజిన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన చిన్న ఖాళీ) చెక్ చేయించిన బిల్లు. ఫెయిరింగ్, అంటే బండి చుట్టూ ఉండే తొడుగు, మొత్తం విప్పాల్సిన బండ్లలో ఈ పనికి లేబర్ చాలా అవుతుంది కాబట్టి చాలామంది వాయిదా వేస్తారు, ఆ సంగతి కొనేవాడికి తెలుసు, ఆ బిల్లు చూపించగానే మొహం మారిపోతుంది. తర్వాత బ్రేక్ ఫ్లూయిడ్ 2 ఏళ్ళకోసారి మార్చినట్టు, కూలెంట్ మార్చినట్టు, చైన్ బండి అయితే చైన్ స్ప్రాకెట్ సెట్ ఎన్ని వేల దగ్గర వేశారు, షాఫ్ట్ బండి (చైన్ బదులు తిరిగే కడ్డీతో వెనక చక్రం నడిచేది) అయితే వెనక చక్రం దగ్గరుండే ఫైనల్ డ్రైవ్ గేర్ల ఆయిల్ ఎప్పుడు మార్చారు. పాత హోండా గోల్డ్ వింగ్‌లాంటివి అయితే ఇంకోటి ఉంది, జీఎల్ 1500 మోడల్ దాకా వాటి ఇంజిన్‌లో వాల్వులని నడిపే టైమింగ్ బెల్టులు ఉండేవి, జీఎల్ 1800 నుంచి వాటి బదులు టైమింగ్ చైన్ వచ్చింది, బెల్టు ఉన్న బండి కొనేవాడు ముందు అడిగేది అవి ఎప్పుడు మార్చారనే. ఇవన్నీ తారీఖుల ప్రకారం ఒక ఫైల్లో పెట్టి, ఆ ఫైల్ ఫోటో కూడా యాడ్‌లో పెట్టండి. స్వయంగా ఇంట్లో చేసుకున్న పనులైతే ఆయిలూ ఫిల్టరూ కొన్న రసీదులైనా ఉంచండి.

ఇక యాక్సెసరీల ఖర్చు. అది తిరిగిరాదండి. మీరు ఎంత మంచివి పెట్టించినా అవి బండి రేటుని పెంచేది కొద్దిగానే, రెండు ఒకే రేటు బండ్లలో మీదాన్ని ఎంచుకునేలా చెయ్యడానికి మాత్రం బాగా పనికొస్తాయి. సైడ్ బాక్సులూ టాప్ బాక్సూ బండితోనే ఉంచండి, టూరింగ్ బండి కొనేవాడు అవి లేకపోతే సగం బండే అనుకుంటాడు. లైట్లు, ఫోన్ మౌంట్లు, స్పెషల్ సీటు లాంటివి విప్పి విడిగా అమ్మితే ఎక్కువ వస్తుంది, కాకపోతే కంపెనీ నుంచి వచ్చిన ఒరిజినల్ సీటూ విండ్‌షీల్డూ మీ దగ్గర ఉండాలి. విడిగా అమ్మకుండా బండితోనే ఉంచేస్తే ఆ ఒరిజినల్‌వి కూడా ఇస్తానని రాయండి, పొట్టివాళ్ళూ పొడుగువాళ్ళూ ఇద్దరూ ఫోన్ చేస్తారు.

రేటు పెట్టేముందు అలాంటి బండ్లు ఎంతకి పెట్టారో చూస్తాం అందరం, కానీ యాడ్‌లో ఉన్నది అడిగే రేటు, అమ్ముడుపోయిన రేటు కాదు. నెలల తరబడి అదే రేటుతో కదలకుండా ఉన్న యాడ్‌లని లెక్కలోంచి తీసెయ్యండి. త్వరగా మాయమైపోయిన వాటి రేటే మీకు దారి చూపిస్తుంది. ఇంతకంటే తగ్గను అనే అంకె ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఫోన్లో ‘లాస్ట్ ఎంత’ అని అడిగేవాళ్ళకి మాత్రం అది చెప్పొద్దు, బండి చూశాక మాట్లాడుకుందాం అనండి. బండి చూడకుండానే బేరమాడేవాడు చూశాక మళ్ళీ ఆడతాడు.

ప్రశ్న: టెస్ట్ రైడ్ ఇవ్వాలంటే భయంగా ఉంది. ఇవ్వకపోతే ఎవరూ కొనేలా లేరు. ఏం చెయ్యాలి?

జవాబు: మీ భయం న్యాయమే. బండి తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళూ ఉన్నారు, దొంగతనం ఆలోచన లేకపోయినా పెద్ద బండి అలవాటు లేక మొదటి మలుపులోనే పడేసేవాళ్ళూ ఉన్నారు. ముందు మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి వేరేవాళ్ళు నడిపితే కవర్ అవుతుందా లేదా కనుక్కోండి, కవర్ కాదంటే ఆ సంగతి వచ్చినాయనకి మొహమాటం లేకుండా చెప్పండి. ఈ ఒక్క ఫోన్ చెయ్యకుండా తాళం చేతికి ఇవ్వొద్దు.

తర్వాత చాలామంది పాటించే పద్ధతి ఏంటంటే మాట్లాడుకున్న రేటు మొత్తం డబ్బు టెస్ట్ రైడ్‌కి ముందే మీ చేతిలో పెట్టాలి, లైసెన్స్ చూపించాలి, పెద్ద బండి నడిపే అర్హత ఆ లైసెన్స్‌లో ఉందో లేదో చూడాలి, దాని ఫోటో తీసుకోవాలి, బండి పడితే బాధ్యత ఎవరిదో రెండు లైన్లు రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బండి చెప్పినట్టే ఉండి తిరిగొస్తే అమ్మకం అయినట్టు, లేదంటే డబ్బు అక్కడికక్కడే వెనక్కి. ఆయన వచ్చిన కారో బైకో చూసి ‘అది ఇక్కడే ఉందిగా’ అని ధీమా పడకండి, అది ఎవరిదో మీకు తెలీదు. డబ్బు చేతిలో ఉంటుంది కాబట్టి ఒక్కరే ఉండొద్దు, పక్కన ఇంకో మనిషిని పెట్టుకోండి, జనం తిరిగే చోట పగటిపూట కలవండి.

ఇంకో ముఖ్యమైన సంగతి బరువు. గోల్డ్ వింగ్‌కి 1988లోనే రివర్స్ పెట్టారంటే అంత బరువుని కాళ్ళతో వెనక్కి నెట్టడం ఎంత కష్టమో చూడండి. అందుకని రోడ్డెక్కే ముందు ఆయన్ని బండి మీద కూర్చోమని, స్టాండ్ తీసి నిలబెట్టమని, ఇంజిన్ ఆపేసి నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదపమని చెప్పండి, మీరు పక్కనే పట్టుకుని ఉండండి. అక్కడే తడబడితే ‘నేను నడుపుతాను, మీరు వెనక కూర్చోండి’ అనండి. నొచ్చుకోరు, చాలామందికి అదే హాయి.

ఇది కూడా గుర్తుపెట్టుకోండి, వాళ్ళు వచ్చేముందు బండి స్టార్ట్ చేసి వేడి చెయ్యొద్దు. తెలిసినవాడు రాగానే ఇంజిన్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తాడు, వేడిగా ఉంటే చల్లగా స్టార్ట్ అవ్వదేమో అని అనుమానపడతాడు. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతాడు, మధ్యలో గాడిలో పడ్డట్టు పట్టేస్తే స్టీరింగ్ బేరింగ్ పోయినట్టు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ గొట్టాల మీద ఆయిల్ జిడ్డు ఉందా చూస్తాడు, చైన్‌ని వెనక స్ప్రాకెట్ మీంచి లాగి చూస్తాడు. ఇవన్నీ వాళ్ళకంటే ముందు మీరే చూసుకోండి, చిన్నవి బాగు చేయించండి, పెద్దవి ఉంటే చెప్పి రేటు తగ్గించండి.

ప్రశ్న: నిలబడి ఉన్నప్పుడు ఒకసారి బండి పక్కకి ఒరిగి పడింది, క్రాష్ గార్డుకీ సైడ్ బాక్స్‌కీ గీతలు తప్ప ఏమీ కాలేదు. యాక్సిడెంట్ అయిందా అని అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: జరిగింది జరిగినట్టు చెప్పండి, ఆ గీతలని దగ్గర్నుంచి ఫోటో తీసి యాడ్‌లో పెట్టండి. ఇంత బరువున్న బండ్లు నిలబడ్డచోట పడటం మామూలే, నడిపేవాళ్ళందరికీ తెలుసు. మీరు దాచాలని చూసి వాళ్ళు కనిపెడితే మాత్రం ఇంకా ఏమేం దాచారో అని ఊహించుకోవడం మొదలెడతారు.

ప్రశ్న: మా నాన్నగారు పోయి 2 ఏళ్ళయింది. ఆయన టూరింగ్ బండి అప్పట్నుంచీ కవర్ కింద అలాగే ఉంది, స్టార్ట్ అవ్వట్లేదు. నాకు బండ్ల గురించి ఏమీ తెలీదు. బాగు చేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా? తక్కువకి అడిగేవాళ్ళే వస్తున్నారు.

జవాబు: ముందుగా ఒక మాటమ్మా, తొందరపడొద్దు. మీకు తెలీదని తెలిసి వచ్చేవాళ్ళే ఇప్పుడు మీ గుమ్మంలో ఉన్నారు. బండి ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే అది చట్టప్రకారం వారసుల పేరు మీదకి రావాలి, లేదా అమ్మే అధికారం మీకు ఉందని చూపించే కాగితం కావాలి. పద్ధతి ఒక్కోచోట ఒక్కోరకంగా ఉంటుంది, రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడగండి. అది అయ్యేలోపు ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకోవద్దు, తోబుట్టువులుంటే వాళ్ళతో కూడా ముందే మాట్లాడుకోండి.

ఇక బండి. దయచేసి ఊరికే సెల్ఫ్ కొట్టి చూడకండి, వచ్చినవాళ్ళని కూడా కొట్టనివ్వకండి. 2 ఏళ్ళ పాత పెట్రోల్ చెడిపోయి ఉంటుంది, ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే తేమ పీల్చుకుని ట్యాంక్ లోపల తుప్పు కూడా పట్టి ఉండొచ్చు, దాన్ని ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లలోకి లాగిస్తే చిన్న పని పెద్దదవుతుంది. నమ్మకమైన మెకానిక్‌ని ఇంటికే పిలిపించి ట్యాంక్ ఖాళీ చేయించండి, కొత్త బ్యాటరీ, ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి. బ్యాటరీ వేశాక ఇంజిన్ నడుస్తున్నప్పుడు దాని మీద 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపిస్తే ఛార్జింగ్ బాగానే ఉన్నట్టు, ఆ మాట మెకానిక్‌ని అడగండి. ఇంతవరకు పెట్టే ఖర్చు తిరిగొస్తుంది, ఎందుకంటే స్టార్ట్ అయ్యే బండికీ అవ్వని బండికీ రేటులో తేడా ఈ పనుల ఖర్చు కంటే చాలా ఎక్కువ ఉంటుంది. లోపల ఇంకేదైనా పెద్ద పని బయటపడితే అక్కడ ఆపెయ్యండి, మెకానిక్ చేత ఏం పాడైందో రాయించుకుని ఆ కాగితంతోనే ఉన్నదున్నట్టు అమ్మండి.

టైర్ల పక్కన 4 అంకెల నంబర్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాట్లు బాగా కనిపిస్తున్నా రబ్బర్ పాతబడితే గట్టిపడి పట్టు తగ్గుతుంది, అందుకే వచ్చినవాళ్ళు అది చూపించి రేటు తగ్గించమంటారు. ఆ మాట న్యాయమే, కానీ ఒక జత టైర్ల ఖర్చు ఎంతో మీరు ముందే కనుక్కుంటే అంతకు మించి తగ్గించాల్సిన పని లేదు.

నాన్నగారి అల్మారాలో వెతకండి. రెండో తాళం, సైడ్ బాక్సుల తాళాలు, ఓనర్ మాన్యువల్, సర్వీస్ బుక్, పాత బిల్లులు. చిప్ ఉన్న తాళం బండ్లకి రెండో తాళం లేకపోతే కొత్తది చేయించడం ఖరీదైన పని, కొనేవాడు తప్పకుండా అడుగుతాడు. ఆయన తన చేత్తో రాసుకున్న ప్రయాణాల నోట్ పుస్తకం ఏదైనా దొరికితే మాత్రం అది మీ దగ్గరే ఉంచుకోండి, సర్వీస్ వివరాలు ఉన్న పేజీల ఫోటోలు తీసి ఇస్తే చాలు.

ప్రశ్న: వేరే చోటినుంచి ఒకాయన బండి చూడకుండానే కొంటానన్నాడు, అడిగిన రేటు కంటే ఎక్కువకి చెక్ పంపుతాడట, మిగిలింది బండి తీసుకెళ్ళే ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళకి నన్ను ఇవ్వమంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: వద్దు. ఇది పాత మోసం. చెక్ మీ అకౌంట్‌లో పడినట్టు కనిపిస్తుంది, కొన్నాళ్ళకి దొంగదని తేలి బ్యాంక్ వెనక్కి తీసుకుంటుంది, అప్పటికి మీరు ట్రాన్స్‌పోర్ట్ పేరుతో ఇచ్చిన డబ్బు పోయి ఉంటుంది. మాట్లాడటం ఆపెయ్యండి. మామూలు కొనుగోలుదారు విషయంలో కూడా ఆయన చూపించే ‘డబ్బు పంపాను’ అనే స్క్రీన్‌షాట్ నమ్మకండి, మీ బ్యాంక్ యాప్‌లో మీరే చూసుకోండి. బ్యాంక్ డ్రాఫ్ట్ అంటే ఆ బ్యాంకుకి ఇద్దరూ కలిసి వెళ్ళి అక్కడే నిజమైనదని తేల్చుకున్నాకే తాళాలు ఇవ్వండి.

ప్రశ్న: బండి మీద ఇంకా లోన్ ఉంది, అమ్మొచ్చా?

జవాబు: అమ్మొచ్చు, కాకపోతే ఆ సంగతి మొదటి ఫోన్లోనే చెప్పండి. అప్పిచ్చిన సంస్థ దగ్గర ఈరోజు కట్టేస్తే మొత్తం ఎంత అవుతుందో రాతపూర్వకంగా తీసుకోండి, వీలైతే వాళ్ళ ఆఫీసులోనే కొనేవాడిని కలవండి, ఆయన అప్పు మొత్తం నేరుగా వాళ్ళకి కట్టి మిగిలింది మీకు ఇస్తాడు. బాకీ లేదనే లెటర్ వచ్చి రిజిస్ట్రేషన్ కాగితాల్లోంచి లోన్ తీసేశాకే పేరు మారుతుంది, అది ఎన్ని రోజులు పడుతుందో ఆయనకి ముందే చెప్పండి.

ప్రశ్న: బండి అమ్మేశాను, ఇప్పుడు చలాన్లు నా పేరు మీద వస్తున్నాయి. కొన్నాయన పేరు మార్పించుకోలేదు. ఫోన్ ఎత్తట్లేదు.

జవాబు: బండి అమ్మేశానని రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఈరోజే తెలియజెయ్యండి, అమ్మకం కాగితం కాపీ జత చెయ్యండి, ఇచ్చిన రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి, ఆ రసీదూ అమ్మకం కాగితమూ చూపించి చలాన్ల మీద అభ్యంతరం రాయండి. ఇంకా అమ్మనివాళ్ళు ఇది చదువుతుంటే, అమ్మకం కాగితంలో తారీఖుతో పాటు టైమ్ కూడా రాయండి, మధ్యాహ్నం 3కి తాళాలు ఇస్తే సాయంత్రం 5కి జరిగింది మీది కాదని అదే చెబుతుంది. ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, ఆరోజు మీటర్ రీడింగ్, ఉన్న స్థితిలోనే అమ్మాం కొన్నాం అనే మాట, ఇద్దరి సంతకాలు, రెండు కాపీలు. వీలుంటే పేరు మార్పు దరఖాస్తు ఇద్దరూ కలిసే పెట్టండి, డబ్బు తీసుకున్న రోజే. అది అందిందని తేలాకే ఇన్సూరెన్స్ ఆపమని చెప్పండి, అంతకుముందు వద్దు.

ప్రశ్న: బండిలో ఉన్న నావిగేషన్ కూడా ఇచ్చేస్తున్నా, ఏమైనా చూసుకోవాలా?

జవాబు: చూసుకోవాలి, చాలామంది మర్చిపోతారు. అందులో ‘హోమ్’ అని మీ ఇంటి అడ్రస్ ఉంటుంది, మీరు రోజూ తిరిగే దారులుంటాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మొత్తం రీసెట్ చెయ్యండి. బండి స్క్రీన్‌కి మీ ఫోనూ హెల్మెట్ హెడ్‌సెట్టూ జత చేసి ఉంటే అవి తీసెయ్యండి, బండి కంపెనీ యాప్‌లో మీ అకౌంట్ నుంచి బండిని తొలగించండి, లేకపోతే అమ్మాక కూడా బండి ఎక్కడుందో మీ ఫోన్లో కనిపిస్తుంది, కొన్నాయన దాన్ని తన ఫోన్‌కి కలుపుకోలేక మీకే ఫోన్ చేస్తాడు. సైడ్ బాక్సులూ సీటు కిందా ఒకసారి తడిమి చూడండి, పాత ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కువగా అక్కడే ఉండిపోతాయి.