వంద దాకా తర్వాత, ముందు ఐదు

చి. సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

అంగన్‌వాడీలో చేరి నెల తిరక్కుండానే తల్లులు "మా వాడికి వంద దాకా నేర్పండి టీచర్" అని వెంటపడుతున్నారనీ, నీకు టెన్షన్‌గా ఉందనీ రాశావు. నువ్వేం తొందరపడకు. చిన్న తరగతుల్లో చదువూ లెక్కలూ గట్టిపడాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో కూడా బాలవాటిక, అంటే ఒకటో తరగతికి ముందు ఏడాది, పిల్లలకు ఉన్నది 10 వరకూ అంకెలు గుర్తుపట్టి చదవడమే. 99 దాకా చదివి రాయడం ఒకటో తరగతి పని. తల్లులకు ఆ మాటే చెప్పు.

ఇరవై దాకా గడగడా అప్పజెప్పే పిల్ల ముందు ఆరు చింతగింజలు పెట్టి చూడు. వేలు ఒక గింజ మీద ఉండగానే నోరు రెండంకెలు దాటేస్తుంది. ఒకవేళ సరిగ్గానే లెక్కపెట్టినా, "మరి ఎన్ని ఉన్నాయమ్మా?" అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ఆఖరున చెప్పిన అంకే మొత్తమని ఇంకా అందలేదన్నమాట. నువ్వు నేర్పాల్సింది అదే. ఎన్ని నెలలు పట్టినా పట్టనీ.

వారానికో విషయం పెట్టుకో. సంక్రాంతి వారమైతే గొబ్బెమ్మలు. బంకమట్టితో ముద్దలు చేయించి వరసగా పెట్టించు. ఒక్కో గొబ్బెమ్మకు ఒక్క గుమ్మడి పువ్వు. కావాలనే ఒక పువ్వు తక్కువ ఇవ్వు. చివరి గొబ్బెమ్మ బోసిగా మిగిలేసరికి "టీచర్, ఇంకోటి కావాలి!" అని పిల్లలే అరుస్తారు. ఎక్కువ, తక్కువ, సమానం అన్నవి పలక పట్టకుండానే వచ్చేస్తాయి. తర్వాత అవే గొబ్బెమ్మల్ని ఎడంగా జరిపి "ఇప్పుడు ఎన్ని?" అని అడుగు. ఎక్కువయ్యాయనే అంటారు చాలామంది. ఆ వయసులో వరస పొడవుగా కనిపిస్తే ఎక్కువ ఉన్నట్టే లెక్క. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే అనే శాస్త్రవేత్త ఎప్పుడో గమనించి చెప్పిన సంగతే ఇది. తప్పని అనకు, మళ్లీ లెక్కపెట్టించు, అంతే.

వినాయక చవితికి ఉండ్రాళ్లు, వానాకాలం కాగితప్పడవలు, ఇలా నీకే తడుతుంటాయి. వామనగుంటల బల్ల దొరికితే మాత్రం వదలకు. పద్నాలుగు గుంటల్లో గుంటకో గింజ వదులుతూ, వదిలినప్పుడల్లా ఒక అంకె చెప్పించు. చేయీ నోరూ కలిసి నడవడం అలా అలవాటవుతుంది. ఆట నియమాలు ఇప్పుడే అక్కర్లేదు. మూడేళ్ల వాళ్ల చేతికి మాత్రం గింజలు, గవ్వలు ఇవ్వకు. ముక్కులో దూర్చుకుంటారు, నోట్లో వేసుకుంటారు. వాళ్లకు బెండకాయలు, గరిటెలు చాలు.

రెండో మూడో ఉంటే పిల్లలు చూపుతోనే చెప్పగలరు. గుప్పిట తెరిచి చూపించి ఠక్కున మూసెయ్. ఈ ఆట వాళ్లకు ప్రాణం. ఐదు గట్టిపడ్డాకే పదికి వెళ్లు.

తల్లులకు ఇంటిపని కూడా ఒకటి చెప్పు. రాత్రి భోజనాల వేళ పళ్లేలు పిల్లల చేత వేయించమను. ఎంతమంది తింటున్నారో వాడే చూసుకుని తేవాలి. ఒకటి తక్కువైతే అమ్మ తెచ్చి పెట్టకూడదు, వాడే వెళ్లి తెచ్చుకోవాలి.

ఇట్లు,
నీ పెద్దమ్మ