ఏరియేటర్ల షెడ్డులో సెన్సార్లు మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: అన్నగారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులకి ఏరియేటర్లు, అంటే నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు తయారుచేసే షెడ్డు మాది, పదకొండు మంది పనిచేస్తారు. నేను ఈసీఈ చదివి ఏడాది క్రితం ఇంటికొచ్చేశాను. నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్లు, ఫోన్‌కి మెసేజ్ పంపే బాక్సులు, వాటంతటవే మేత వేసే యంత్రాలు, వీలైతే చెరువుకి మేలుచేసే సూక్ష్మజీవుల మందులు, అదే ప్రోబయోటిక్స్ కూడా మొదలుపెడదామని నా ఆలోచన. రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఏట్లో పడతామంటారు నాన్నగారు. కంపెనీ ఎక్కువ టెక్నాలజీల్లోకి వెళ్తే కొత్తవి చెయ్యడం పెరుగుతుందా, తగ్గుతుందా? రోజూ ఇంట్లో ఇదే గొడవ, టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: తమ్ముడూ, మీరిద్దరూ రెండు వేర్వేరు విషయాల మీద వాదించుకుంటున్నారు. నాన్నగారి భయం సరుకులు ఎక్కువైపోతాయని, నీ ప్రశ్నేమో టెక్నాలజీల గురించి. అమ్మే వస్తువు ఒక్కటే అయినా దాని వెనక పది విద్యలు ఉండొచ్చు. కారు చేసేవాడికి ఇంజిన్ ఒక్కటీ తెలిస్తే చాలదు కదా, ఎలక్ట్రానిక్స్, ప్లాస్టిక్, సాఫ్ట్‌వేర్ అన్నీ తెలియాలి. గ్రాన్‌స్ట్రాండ్, పటేల్, పావిట్ అనే ముగ్గురు పరిశోధకులు పెద్ద కంపెనీల పేటెంట్లు చూసి 1997లో చెప్పింది కూడా ఇదే. ఆ కంపెనీలు అమ్మే సరుకుల కంటే వాటికి తెలిసిన టెక్నాలజీలే ఎక్కువ.

ఉదాహరణకి ఎక్కడికో పోనక్కర్లేదు, తణుకు ఆంధ్రా షుగర్స్ చూడు. 1947లో మొదలైన కంపెనీ, ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు నిలబెట్టింది, పేరులో ఇప్పటికీ షుగర్సే. పంచదార తీశాక మిగిలే చిక్కటి మడ్డి, అంటే మొలాసిస్ నుంచి ఆల్కహాలు, ఆ రసాయనాల దారిలోనే ఆస్పిరిన్, ఇంకోవైపు కాస్టిక్ సోడా, క్లోరిన్, చివరికి ఇస్రో రాకెట్లకి వాడే ద్రవ ఇంధనం దాకా వెళ్ళారు. చెరకుకీ రాకెట్‌కీ ఏం సంబంధం అనిపిస్తుంది గానీ, నా లెక్కలో ప్రతి అడుగూ అంతకుముందు అడుగు పక్కనే పడింది. ప్రమాదకరమైన రసాయనాన్ని జాగ్రత్తగా నడిపించడం, దాని శుద్ధత కొలవడం తెలిసిన మనుషులు అప్పటికే ఫ్యాక్టరీలో ఉంటే తర్వాతి పని సున్నా నుంచి మొదలవ్వదు. జపాన్ ఫ్యూజీఫిల్మ్ కూడా ఫొటోలు వెలిసిపోకుండా కాపాడే విద్యనే చర్మం క్రీముల్లో వాడుకుంది. అయితే విద్య చేతిలో ఉంటే సరిపోదు, ఫొటో ఫిల్ములు అమ్మే కొడాక్ కంపెనీ ఇంజినీరు 1975లోనే డిజిటల్ కెమెరా తయారుచేశాడు, అయినా ఆ కంపెనీ 2012లో దివాలా రక్షణ కోరాల్సి వచ్చింది.

కాబట్టి టెక్నాలజీలు పెరిగితే కొత్త ఆలోచనలు పెరుగుతాయి, కానీ ఒక హద్దు వరకే. ఆ హద్దు దాటితే డబ్బూ, మనుషుల ధ్యాసా పలచబడిపోయి దేన్లోనూ లోతు మిగలదు, ఒకరు చెప్పేది ఇంకొకరికి అర్థం కాదు. వేల మంది ఉన్న కంపెనీకి ఆ హద్దు దూరంగా ఉంటుంది. మీ పదకొండు మందికి అది గుమ్మం దగ్గరే ఉంది, ఈ విషయంలో నాన్నగారి మాట నిజం.

మరి ఏం చెయ్యాలంటావా? ఆక్సిజన్ సెన్సార్ సొంతంగా తయారుచెయ్యకు, కొను. చెరువు నీళ్ళలో దానికి నాచు పట్టేస్తుంది, తరచూ తుడవాలి, సరిచూడాలి, ఆ తలనొప్పి ఎంతో ముందు తెలుసుకో. కానీ బయట దొరికే వాటిలో ఏది మంచిదో తేల్చడానికైనా కొంత విద్య మనలో ఉండాలి. కోహెన్, లెవింతాల్ అనే ఇద్దరు 1990లో రాసింది దీని గురించే, బయటి జ్ఞానాన్ని పీల్చుకునే శక్తి కూడా లోపల ముందు నుంచీ చేస్తున్న పనిలోంచే వస్తుందని.

నీ మొదటి ప్రయత్నం మాత్రం ఏరియేటర్ మోటారు దగ్గర ఉండాలని నా గట్టి అభిప్రాయం. త్రీఫేజ్‌లో ఒక ఫేజు పోతే మిగతా వైండింగుల్లో, అంటే లోపలి తీగ చుట్లలో కరెంటు పెరిగి మోటారు కాలిపోతుంది, రెక్కలకి నాచు చుట్టుకున్నా, గేర్‌బాక్సు పట్టేసినా కరెంటే ముందు చెప్తుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అట్టడుగున ఉండే వేళ ఏరియేటర్ ఆగితే రైతుకి పంట మొత్తం పోవచ్చు. ఆంపియర్లు కొలిచి ఫోన్ మోగించే చిన్న బాక్సు నీ ఈసీఈ చదువుతో చెయ్యగలవు. కానీ ఎన్ని ఆంపియర్లు దాటితే ప్రమాదమో, ఏ శబ్దం వస్తే బేరింగ్ పోతుందో నాన్నగారికీ, మీ పాత ఫిట్టర్లకీ తెలుసు. రివైండింగ్‌కి వచ్చే ప్రతి మోటారు ఎందుకు కాలిందో ఆర్నెల్లు వాళ్ళని అడిగి రాసుకో, బాక్సు డిజైను అందులోంచే వస్తుంది.

మేత యంత్రం ఆ తర్వాత చూద్దువు గాని, అందులోనూ మోటారూ టైమరే కాబట్టి మీకు దగ్గరి చుట్టం. ప్రోబయోటిక్స్ మాత్రం ఇప్పుడు వద్దు. అది సూక్ష్మజీవుల విద్య, మీ షెడ్డులో అది తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు, ఇంకొకరి సరుకు మీద మీ పేరు అంటించి అమ్మితే చెరువు దెబ్బతిన్న రోజు రైతు వచ్చి నిలదీసేది నాన్నగారినే.