బకెట్లో నిలవబెట్టిన నీళ్లు ఇక్కడి చేపలకు చాలవు

డల్లాస్ దగ్గర ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ వైపు కొత్తగా వచ్చి అక్వేరియం పెట్టుకున్న మనవాళ్లు అడిగేది దాదాపు ఒకే ప్రశ్న. "హైదరాబాద్‌లో కుళాయి నీళ్లు బకెట్లో పట్టి, ఒకరోజు ఉంచి పోసేవాళ్లం. చేపలు బాగానే ఉండేవి. ఇక్కడా అదే చేశాం, చచ్చిపోతున్నాయి. ఎందుకండీ?"

నిలవ ఉంచితే గాల్లోకి పోయేది క్లోరిన్. ఈ ఊళ్లకు నీళ్లిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏడాదిలో ఎక్కువ భాగం వాడేది క్లోరమిన్, అంటే క్లోరిన్‌కి అమ్మోనియా జతచేసినది. మైళ్ల పొడవు పైపుల్లో కూడా విరిగిపోకుండా నిలవాలనే దాన్ని వాడతారు. అంత మొండిది రాత్రికి రాత్రి బకెట్లోంచి పోదు. మనం తాగితే ఏమీ కాదు, కడుపులో విరిగిపోతుంది. చేపకు మాత్రం మొప్పల గుండా నేరుగా రక్తంలోకి వెళ్లి, ఆక్సిజన్ మోసే శక్తినే దెబ్బతీస్తుంది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. పైపుల శుభ్రత కోసం ఏటా మార్చిలో సుమారు నెల రోజులు అమ్మోనియా కలపడం ఆపి, ఒట్టి క్లోరిన్ ఇస్తారు. కుళాయి తిప్పగానే ఘాటు వాసన వచ్చేది అప్పుడే. ఆ నెలలో తొట్టి మొదలుపెట్టినవాళ్లకు బకెట్ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. ఏప్రిల్‌లో క్లోరమిన్ తిరిగి రాగానే, ఏ తప్పూ చేయకుండానే చేపలు పోతాయి. పాపం, చేపలమ్మిన షాపుమీద పడతారు.

కాబట్టి నీళ్ల కండిషనర్, అంటే వీటిని విరిచే మందు, తప్పనిసరి. సీసా మీద క్లోరిన్ ఒక్కటే రాసి ఉంటే కొనకండి. సోడియం థయోసల్ఫేట్ మాత్రమే ఉన్న చవకరకం క్లోరమిన్‌లోని క్లోరిన్‌ని పట్టేసి, అమ్మోనియాని తొట్టిలోనే వదిలేస్తుంది. క్లోరమిన్, అమ్మోనియా రెండు పేర్లూ సీసా మీద ఉండాలి. బకెట్లో కలిపి పోస్తే ఆ బకెట్ నీళ్లకు సరిపడా చాలు. గొట్టం పెట్టి నేరుగా తొట్టి నింపేవాళ్లు మాత్రం మొత్తం తొట్టి నీళ్లకు లెక్కగట్టి ముందే వేయాలి. నీళ్లు మార్చిన రోజు అమ్మోనియా టెస్ట్ కిట్ కాస్త ఆకుపచ్చగా చూపిస్తే కంగారుపడి ఇంకోసారి మార్చకండి. కండిషనర్ పట్టి ఉంచిన అమ్మోనియాని కూడా చాలా కిట్లు కలిపి చూపిస్తాయి. మర్నాడు మళ్లీ చూడండి.

ఆ మిగిలిన అమ్మోనియాని ఖర్చు చేసేది ఫిల్టర్‌లో పెరిగే బాక్టీరియా. ఒక రకం దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకొకటి నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ విషాలు, నైట్రేట్ మాత్రం వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే అదుపులో ఉంటుంది. ఈ బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పిల్లలు తొందరపెడతారని తెలుసు, అయినా ఆగండి. చేపలు లేకుండా, సబ్బూ సెంటూ కలవని అమ్మోనియాని 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) వరకు వేసి, అది ఒక్కరోజులో సున్నాకి వచ్చి నైట్రైట్ కూడా సున్నా అయ్యేదాకా చూడండి. ఆ తర్వాత చాలావరకు నీళ్లు మార్చి చేపల్ని వదలండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద ఎప్పుడూ కడగొద్దు, పెంచుకున్న బాక్టీరియాని క్లోరమిన్ చంపేస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల-క్షార కొలత (ఏడు మధ్యస్థం), గురించి మనవాళ్లు అనవసరంగా హైరానా పడతారు. ఏడుకి తేవాలని మందులు పోస్తారు, అది తగ్గి మళ్లీ పెరుగుతుంది, ఆ ఊగిసలాటే చేపల్ని తినేస్తుంది. కుళాయి పీహెచ్‌ని అలాగే ఉంచి, దానికి సరిపడే చేపలు తెచ్చుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. గప్పీ, మోలీ, ప్లాటీలకు కాస్త గట్టి నీళ్లంటే, అంటే ఖనిజాలు ఎక్కువున్నవంటే, ఇష్టం. అయితే ఒకటి గుర్తుంచుకోండి: పీహెచ్ 7 దగ్గర కంటే 8 దగ్గర అమ్మోనియాలో విషరూపం సుమారు పదింతలు ఉంటుంది. అందుకే పీహెచ్ ఎక్కువుండే మన దగ్గర అమ్మోనియా కిట్ ఖరీదు దండగ కాదు.

సింక్ కింద ఆర్వో పెట్టించుకున్నవాళ్లు శుభ్రమైన నీళ్లు కదా అని తొట్టి మొత్తం దానితోనే నింపుతారు. వద్దు. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు. పీహెచ్‌ని నిలబెట్టే కార్బొనేట్లని బాక్టీరియా రోజూ కొంచెం కొంచెం తినేస్తుంది, ఆర్వో నీళ్లలో తినడానికి అవి ఉండవు కనుక ఒకరోజు పీహెచ్ ఒక్కసారిగా కిందకు జారుతుంది. ఆవిరైన మేరకు నింపడానికి మాత్రం ఆర్వో మంచిది, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే మిగులుతాయి. గ్యారేజీలో ఉప్పు వేసే సాఫ్ట్‌నర్ ఉంటే, దాని గుండా రాని కుళాయి నీళ్లు పట్టుకోండి. అది కాల్షియం, మెగ్నీషియం తీసేసి సోడియం పెడుతుంది.

ఇదంతా మా వైపు సంగతి. బే ఏరియాలో శాన్‌ఫ్రాన్సిస్కో వారు 2004 నుంచి క్లోరమిన్ వాడుతున్నారు, కానీ ఆ కొండల నీళ్లు చాలా మెత్తన. అక్కడ మెత్తని నీళ్లు కోరే టెట్రా రకం చేపలు సుఖపడతాయి. సియాటిల్‌లోనూ మెత్తన నీళ్లే, కలిపేది క్లోరిన్. ఊరు మారితే మీ వాటర్ కంపెనీ ఏటా జులై 1 లోపు ఇచ్చే నీటి నాణ్యత నివేదిక చూడండి, క్లోరమిన్ సంగతి అందులో ఉంటుంది.

నెల రోజులకు ఇండియా వెళ్లేటప్పుడు మేత డబ్బా పక్కింటివాళ్లకు ఇచ్చి వెళ్లకండి. ప్రేమకొద్దీ గుప్పెడు వేస్తారు, తినకుండా మిగిలింది కుళ్లి అమ్మోనియా అవుతుంది. మాత్రలు పెట్టుకునే వారం డబ్బాలు నాలుగు కొని, రోజు విడిచి రోజు గడిలో చిటికెడు చొప్పున వేసి ఇవ్వండి. బయల్దేరేముందు నీళ్లు మార్చండి, కొత్త చేపల్ని మాత్రం బయల్దేరే ముందు నెలలో తేవద్దు.