చెప్పిన నీతికి విరుద్ధంగా నడిచేవారందరూ కపటులేనా?

మీ ప్రశ్నకు సిద్ధాంతం చెప్పలేను కానీ, మా నాయన విషయం చెబుతాను.

మాది అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోటలున్న ఊరు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లకు మించి వాన పడని చోట చెట్టును బ్రతికించేది బోరే. ఇరవై ఏళ్ల కిందట కరువు వచ్చినప్పుడు, తాగునీటి బోరు దగ్గరలో ఎవరూ కొత్త బోరు వేయించకూడదని రచ్చకట్ట దగ్గర ఊరంతా తీర్మానించుకుంది. అలాంటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా బోరు వేయడం నీరు, భూమి, చెట్ల రక్షణకు 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం కూడా తప్పేనని అందరికంటే గట్టిగా చెప్పినవారు మా నాయన. ఆ మాటల్లో అబద్ధం లేదు. ఆనాటికి మా బోరులో నీళ్లున్నాయి.

ఆ వేసవిలోనే అది ఎండిపోయింది. చీనీ చెట్టు కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, కట్టెలు కావడానికి ఒక్క వేసవి చాలు. కొన్నాళ్లు ట్యాంకర్లతో నీళ్లు తోలిన మా నాయన, చివరకు ఒక రాత్రి బోరు బండిని పిలిపించారు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లు చూసే మనిషి చూపించిన చోటు ఊరి బోరుకు నూరు మీటర్లు కూడా లేదు. (కొబ్బరికాయకు చట్టం తెలియదు కదా!)

బోరు వేయించినందుకు ఆయనను నేను తప్పుపట్టలేను. రాత్రిపూట వేయించడమే నాకు నేటికీ మింగుడుపడదు. బోరు బండి చప్పుడు ఎలాగూ ఊరంతటికీ వినిపిస్తుంది. పదిమందిలో నిలబడి, మాట నిలబెట్టుకోలేకపోతున్నానని ఒప్పుకొని ఉంటే ఆ తీర్మానానికి కొంత విలువైనా మిగిలేది. ఆ నెలలోనే మరో ముగ్గురు రాత్రివేళే బోర్లు వేయించారు, ఊరి బోరు ఆగిపోయింది, తెల్లవారాక ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. మరుసటి ఏడు ఇంకొక రైతు బోరు వేయబోతే, మా నాయన అదే తీర్మానాన్ని గుర్తుచేసి అడ్డుపడ్డారు. చెట్ల కోసం మాట తప్పిన రోజున కాక, ఆ రోజున ఆయన నాకు కపటిగా కనిపించారు.

ఇప్పుడు ఆ తోటను నేను చూసుకుంటున్నాను. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారిగా ఆడితే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుందని, మోటారును దానంతటదే ఆడించే ఆటో స్టార్టర్లు తీసేసి, ట్రాన్స్‌ఫార్మరుపై భారం తగ్గించే కెపాసిటర్లు బిగించుకోవాలని పక్క రైతులకు నేనే చెబుతుంటాను. మా మోటారుకు ఆటో స్టార్టరు ఉంది. దానిమీద గోనెసంచి కప్పి ఉంచుతాను.